సున్నా పక్కన పచ్చగీత

నా భార్య లారీకి కొత్త ట్యాంకు అమర్చిన వెల్డరు ఆమెను అక్కా అంటాడు, నన్ను బావగారూ అంటాడు. ఆ రెండు పిలుపులతో నా అసూయకు కాలు మోపే చోటు లేకుండా చేశాడు. అక్కా అనేవాణ్ణి అనుమానిస్తే నేనే నీచుణ్ణవుతాను. బావగారూ అంటూ వేళాకోళమాడితే నవ్వి ఊరుకోవాలి. రెండు నెలలుగా నవ్వుతూనే ఉన్నాను.

నిజానికి అనుమానం లేదు. ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఫలానా తప్పు అని వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆమె ఆసుపత్రులకు ఉతికిన దుప్పట్లు చేరవేస్తుంది. చిన్న లారీ, సొంతది. తిరగాల్సిన దూరం పెరిగి పాత ట్యాంకు చాలకపోయేసరికి వెల్డరు షెడ్డులో ఇంకా లోతైనది చేయించుకుంది. అతను పాత ఫ్లోటునే తీసి కొత్త ట్యాంకులో బిగించాడు. ఫ్లోటంటే తీగ చివర తేలే చిన్న డొల్ల. డీజిలుతోపాటు అది పైకీ కిందికీ కదిలితే, డ్రైవరు ముందున్న మీటరు మీద ముల్లు కదులుతుంది. ఆ తీగ పాత ట్యాంకు లోతుకి కొలిచి చేసింది, కొత్తదాని అడుగుకి అందదు. దాంతో ఇంకా పదిహేను లీటర్లు ఉండగానే ముల్లు సున్నా మీద పడుకునేది.

మీటర్లు బాగుచేయడమే నా వృత్తి. బాయిలరు మీటర్లు, త్రాసులు, ఆక్సిజన్ సిలిండర్ల మీటర్లు ఇలా ఏ ముల్లు దారి తప్పినా చివరికి నా బల్ల మీదికి రావలసిందే. అందుకే ఆమె ఆ సంగతి చెప్పిన సాయంత్రం లోపల సంతోషించాను. "వచ్చే వారం చూస్తాలే" అన్నాను, తీరికలేనివాడిలా. ఇంకోసారి అడిగించుకోవాలనిపించింది.

ఆమె మళ్ళీ అడగలేదు. మర్నాడు చెప్పులు విప్పుతూనే, "తేలిపోయిందండీ. తమ్ముడు అయిదు నిమిషాల్లో తేల్చేశాడు" అంది.

వెళ్ళి చూశాను. మీటరు అద్దం మీద సున్నా పక్కన తెల్ల టేపు ముక్క. దాని మీద పచ్చ పెయింటుతో ఒక గీత. కింద వంకర అక్షరాలతో: ఇంకా 15, భయపడకు అక్కా.

"ఇదా బాగుచేయడం?" అన్నాను.

"ముల్లు ఎంత అబద్ధమాడుతుందో తెలిస్తే చాలదూ? మీ 'వచ్చే వారం' అంటే వచ్చే నెల అని లెక్కేసుకుని ఇన్నేళ్ళు కాపరం చెయ్యలేదూ? ఇదీ అంతే" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఎప్పుడు ఆమె పక్కన కూర్చుని వెళ్ళినా నా చూపు ఆ గీత మీదే. ముల్లు సున్నా తాకుతుంది, ఆమె ఒకసారి గీతకేసి చూస్తుంది, ఏదో కూనిరాగం తీస్తుంది. అంత నిశ్చింతగా ఆమె నా మాటను ఎన్నడైనా పట్టుకుని ఉందా అని వెతుక్కునేవాణ్ణి. పన్నెండేళ్ళ కాపరాన్ని తిరగేసి వెతికాను. రెండు మూడు సందర్భాలు దొరికాయి. వాటినీ నమ్మలేకపోయాను.

ఒక ఆదివారం ఆమె తన చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేను ట్యాంకులో డీజిలంతా క్యాన్లలోకి వంపేశాను. మరలు విప్పి ఫ్లోటు బయటికి తీశాను. తీగకు నాలుగు వేళ్ళ పొడవు ముక్క అతికాను. పైనా కిందా ఎక్కడ ఆగాలో కొలిచి సరిచూసుకుని మళ్ళీ బిగించాను. అయిదేసి లీటర్లు పోస్తూ, పోసినప్పుడల్లా లోపలికెక్కి ముల్లు చూశాను. మధ్యాహ్నానికి ముల్లు ఎక్కడ ఉండాలో కచ్చితంగా అక్కడ ఉంది. నా చేతులమీదుగా అంత శుభ్రమైన పని జరిగి చాలా కాలమైంది.

మామూలుగా ముల్లు సున్నా చూపినా ట్యాంకులో మూడు నాలుగు లీటర్లు మిగిలేలా దాచి ఉంచుతాం. మనుషులకి మతిమరుపు కాబట్టి. ఆ రోజు నేను ఒక్క చుక్క కూడా దాచలేదు. కచ్చితత్వం కోసమని చెప్పుకున్నాను.

టేపు అంచు మీద గోరు పెట్టాను. పీకలేదు. సాయంత్రం ఎలాగూ చెబుతాను కదా, అప్పుడు తనే పీకుతుంది అనుకున్నాను.

సాయంత్రం ఆమె వస్తూనే, "తమ్ముడు ఫోన్ చేశాడు, ట్యాంకు ఎలా ఉందని. మీరు ఒక్కనాడైనా అడిగారా?" అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఏంటీ, మీ దగ్గర డీజిలు వాసన?" అంది.

"పని" అన్నాను. చెప్పలేదు.

సోమవారం చెప్పలేదు. మంగళవారం ఆమే, "బండి ఈ వారం బాగా లాగుతోందండీ, ముల్లు నిదానంగా దిగుతోంది" అంది. ఆ సంతోషం నా చేతి పని వల్ల వచ్చిందే. ఆ ముక్క చెప్పడానికి నోరు తెరిచాను. "ఎంతైనా తమ్ముడి ట్యాంకు" అంది. నోరు మూసుకున్నాను.

గురువారం పొద్దున ఆమె దుప్పట్ల మూటలు లెక్కపెడుతుంటే లారీ కిటికీలోంచి మీటరు చూశాను. ముల్లు సున్నాకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. అయిదు లీటర్లకు మించి ఉండదు.

"డీజిలు కొట్టించుకుని వెళ్ళు" అన్నాను.

"ఇంకా పదిహేను పైనే ఉంది కదండీ" అని ఆ గీత మీద వేలితో తట్టింది.

"నా మాట విని కొట్టించుకో."

"రేపు కొట్టిస్తాలెండి. మీరు మరీను."

హెచ్చరించాను కదా అనుకున్నాను. నేను చేసింది అది కాదు. నా మాటకీ ఆ గీతకీ మధ్య ఆమెను ఎంచుకోమన్నాను, ఎంచుకుంటున్న సంగతి ఆమెకు తెలియనివ్వకుండా. ఆమె గీతను ఎంచుకుంది. లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. కేకేస్తే వినపడేంత దూరంలోనే.

దుకాణంలో ఒక త్రాసు విప్పి ముందు పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర డీజిలు క్యాను సిద్ధంగా ఉంది. బల్ల మీద ఫోను. అది ఎలా మోగుతుందో కూడా ఊహించుకున్నాను. "ఏవండీ, ఆగిపోయింది" అంటుంది. "కంగారుపడకు, వస్తున్నాను" అంటాను. ఆ మాట ఒకటి రెండు సార్లు గొంతు సవరించుకుని చెప్పి చూసుకున్నాను. తల కూడా దువ్వుకున్నాను.

పన్నెండింటికి మోగింది. వెల్డరు.

"బావగారూ, కంగారేం లేదు. అక్క బండి వంతెన మీద ఆగిపోయింది. నాకు ఫోన్ చేస్తే వచ్చాను. ట్యాంకు కారిందేమోనని కిందికి దూరి చూస్తున్నా. మీ దగ్గర క్యాను ఉంటే పట్టుకు రాగలరా?"

ఆటోలో వెళ్ళాను. వంతెన ఇరుకు. ఆగిన లారీని రాసుకుంటూ బస్సులు పోతున్నాయి. లారీ కింద నుంచి రెండు కాళ్ళు రోడ్డు మీదికి చాచుకుని ఉన్నాయి. ఆ కాళ్ళకి ఇవతల నా భార్య ఒక ఆసుపత్రి దుప్పటి విప్పి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వచ్చే బళ్ళకు అడ్డంగా నిలబడి ఉంది. గాలికి దుప్పటి ఆమె ముఖం మీద కొడుతోంది. నాకు ముందు కలిగింది భయం కాదు. ఆ దుప్పటి అతని కోసం పట్టుకుందన్న ఆలోచన. భయం దాని వెనక వచ్చింది.

వెల్డరు బయటికి వచ్చాడు. ముఖమంతా మసి.

"ఎక్కడా చెమ్మ లేదు బావగారూ. మరి పదిహేను లీటర్లు ఏమైనట్టు? నా లెక్కే తప్పి ఉంటుంది. అక్కని నడిరోడ్డు మీద నిలబెట్టాను" అన్నాడు.

నేను కోరుకున్న మాట అది. ఆ గీత తప్పని అతని నోటితోనే అన్నాడు. నేను మూత తీసి డీజిలు పోశాను.

ఆమె లోపల కూర్చుని తాళం తిప్పింది. ఇదివరకైతే పదిహేను లీటర్లు నిండేదాకా ముల్లు కదిలేది కాదు. ఇప్పుడు మొదటి అయిదు లీటర్లకే లేచింది. ఆమె ముల్లును చూసింది. పక్క అద్దంలోంచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

పైపుల్లో చేరిన గాలిని వెల్డరు పంపు కొట్టి తీశాడు. ఇంజను అందుకుంది. అప్పుడు ఆమె తల బయటికి పెట్టింది.

"ఒరేయ్, తప్పు నీది కాదురా. నిన్న రెండు ట్రిప్పులు ఎక్కువ తిరిగాను. లెక్క మరిచిపోయింది నేనే."

నిన్న ఆమె మూడింటికే ఇల్లు చేరింది.

"హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. ఇంకెప్పుడూ బావగారి పనికి పోటీ రానులే అక్కా" అని అతను దుప్పటితోనే ముఖం తుడుచుకోబోయి, ఆమె తిట్టేసరికి నాలుక కరుచుకున్నాడు.

తిరిగి వస్తూ వంతెన దాటాక ఆమె అడిగింది.

"ఎప్పుడు చేశారు?"

"ఆదివారం."

"చాలా బాగా చేశారు" అంది. "ఆ వాసన సంగతి అప్పుడే అడిగాను" అంది. అంతే.

అతనితో ఆ అబద్ధం ఎవరి కోసం ఆడావని అడగాలనిపించింది. అతను నొచ్చుకోకూడదనా? అతని ముందు నేను పలచన కాకూడదనా? ఇంటిదాకా ఆ ప్రశ్న నా నాలుక మీదే ఉంది. నా కోసమే అని ఆమె అన్నా నమ్మేవాణ్ణి కాదని తెలిసి మింగేశాను.

మర్నాడు పొద్దున లారీ కిటికీలోంచి చూస్తే మీటరు మీద టేపు లేదు. జిగురు మరక కూడా లేకుండా తుడిచేసింది. నా గుండె తేలికపడింది, ఓ అరనిమిషం.

ఆమె ట్యాంకు వైపు వచ్చింది. మూత తీసి, ఒక సన్నటి కర్ర అడుగుదాకా దించి, పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో వెలుతురుకు పట్టి చూసింది. కర్ర మీద చాకుతో పెట్టిన గాట్లు ఉన్నాయి.

"మీటరు సరిగ్గానే చూపిస్తోంది" అన్నాను.

"తెలుసండీ" అంది. గుడ్డతో కర్ర తుడిచి, సీటు వెనక పెట్టుకుంది.

ఆ గాట్లు ఎవరు పెట్టి ఇచ్చారా అని మెడ చాచి చూశాను. గాట్లకి చేతిరాత ఉండదు.