విడిగా ఉన్న మెడల్

మెరుగు కోసం రుద్దితే మెడల్ అంచున ఇరుక్కున్న పళ్లపొడిని గుడ్డతో తుడుస్తుంటే సృజనకు అక్షరాలు కనిపించాయి. ఏదో నంబరు, పక్కనే ఇంగ్లిషులో పేరు. మామ పేరు మొగులయ్య. అక్కడున్నది నర్సింహులు.

ఆయన సైన్యంలో ఏళ్ల తరబడి సర్వీసు చేసినందుకు ఇచ్చిన మిగతా రెండూ తిప్పి చూసింది. వాటి మీద మొగులయ్య పేరే ఉంది. కార్గిల్ యుద్ధానిది మాత్రం వేరే మనిషిది. ఏటా జెండా పండుగకు మూడూ ఒకే పట్టీ మీద ఉండేవి, మామే తుడుచుకునేవాడు. ఈసారి దీన్నొక్కదాన్నీ ఊడదీసి, మెడళ్ల డబ్బా తెచ్చి కోడలి ముందు పెట్టాడు.

ఇంకో గంటలో ఆయన కాపలా కాసే మందుల కంపెనీలో జెండా ఎగరేస్తారు. పోయిన నెలే ఒక గార్డు బజారులో కొన్న మెడళ్లతో మాజీ సైనికుడినని బొంకి, పట్టుబడి, గేటు దగ్గర నలుగురిలో తిట్లు తిని పోయాడు. ఇవాళ అందరివీ తిప్పి చూస్తానని సూపర్‌వైజర్ అంజయ్య ముందే చెప్పాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మామ అసలు యుద్ధానికే పోలేదేమోనన్న దాకా వెళ్లింది సృజన ఆలోచన. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. భర్త ప్రభాకర్‌ను అడుగుదామంటే షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకర్లో ఉంది.

ఇక మామనే అడగాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఫిరంగుల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. అరిస్తే తప్ప వినపడదు, అరిస్తే చిట్కుల్‌లో వాళ్లుండే లైను గదులన్నీ వింటాయి. గోడలకు చెవులుంటాయన్నవాళ్లు ఎదురింటి బుల్లెమ్మను చూడలేదు. ఆమెకు గోడ కూడా అక్కర్లేదు. అప్పటికే చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

సృజన లోపలికి వెళ్లి, చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మామకు మెడల్ చూపించి, ఆ పేరు మీద గోరు పెట్టింది. నోరు మెదపలేదు.

ఏం లాభం? చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు.

"గది నాది కాదు బిడ్డా" అన్నాడు మొగులయ్య, వీధి చివరి దాకా వినపడేలా.

బయట చీపురు ఆగింది.

"నర్సింహులుది. ఇద్దరిదీ ఒకటే తోప్. వాడు గుండు నింపేటోడు, నేను పేల్చేటోన్ని. మెడళ్లు ఇచ్చినంక మార్చుకున్నం. నాది వాడు పెట్టుకునేటోడు, వానిది నేను. మొన్న జోగిపేటకు చావుకు పోయిన గదా, గది వాని చావే. నాది వాని రొమ్ము మీదనే ఉంచి కాలవెట్టిన్రు. నేనే ఉంచుమన్న."

సృజనకు దుఃఖం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని, మెడల్‌ను ఎప్పటిలా ఆయన ఎడమ జేబు మీదికి తీసుకెళ్లింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గా దిక్కు కాదు బిడ్డా. వాడు బతికున్నన్ని రోజులు ఎడమ దిక్కు పెట్టుకున్న. సచ్చిపోయినోనిది ఇంటోళ్లు కుడి దిక్కు పెట్టుకుంటరు."

ఆమె కుడివైపు పిన్ను పెట్టింది. ఇక బుల్లెమ్మ వింటే విననీ అనుకుని, గొంతెత్తి అరిచింది.

"మరి అంజయ్య సార్ తిప్పి చూసి అడిగితే ఏమంటవ్ మామా?"

"మా ఇంటోనిది అని చెప్త."