పన్నెండు గుడ్లు, ఆరువందల ఇరవై కిలోమీటర్లు

కోళ్ల హేచరీలో పదహారేళ్లుగా సూపర్‌వైజరుగా ఉన్న మనిషికి గుడ్ల గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. విమానాల సంగతే ఆమెకు బొత్తిగా తెలియదు. అవతలి నగరంలో టీచరుగా ఉన్న చెల్లెలేమో, గుడ్డులోంచి కోడిపిల్ల రావడం కళ్లారా చూపిస్తానని రెండో తరగతి పిల్లలకు మాటిచ్చేసింది. అడిగింది చెల్లెలాయె, అక్క కాదంటుందా? ఇరవై రోజులు పొదిగి, నేడో రేపో పిల్లలయ్యే గుడ్లు పన్నెండు ఏరి, థర్మాకోల్ పెట్టెలో దూది పరిచి సర్దింది. పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టింది. పొద్దున ఏడింటి విమానానికి టికెట్టు కొంది. గంటా పది నిమిషాల్లో అక్కడుంటుంది.

కౌంటరులో అమ్మాయి మూత తీసి చూసింది.

"ప్రాణమున్నవైతే ఎక్కించం మేడమ్."

"గుడ్లేగా తల్లీ!"

సరిగ్గా అప్పుడే పెట్టెలోంచి "కిచ్" మని వినిపించింది. అమ్మాయి నవ్వాపుకుంటూనే తల అడ్డంగా ఊపింది.

ఆమె పెట్టెతో బయటికి పరుగెత్తింది. దింపడానికి వచ్చిన మరిది తన టాక్సీలోనే కునుకు తీస్తున్నాడు.

"రోడ్డు మీదైతే ఎంతసేపయ్యా?"

"ఆరొందల ఇరవై కిలోమీటర్లు. పదకొండు గంటలు. ఎందుకొదినా?"

"పద."

"టిఫినన్నా చెయ్యలేదు!"

"దారిలో తిందువుగాని, పదవయ్యా!"

గుడ్లకు వెచ్చదనం తగ్గకూడదని అద్దాలు బిగించి హీటరు పెట్టించింది. మండుటెండలో మరిది చొక్కా తడిసి ముద్దయింది.

"పొదిగేది వాటినా, నన్నా వదినా?"

"నీకూ కాస్త ఎదుగుదల ఉండాలిగా!"

స్పీడ్‌బ్రేకరును లెక్కచేయని మనిషి, నిండు చూలాలిని ఎక్కించుకున్నట్టు నడిపాడు. పెట్రోలు బంకులో సీసాల్లో వేడినీళ్లు మార్చేసరికి ఒక గుడ్డు మీద పగులు కనిపించింది. మరో గంటకు తడి తడిగా ఒక పిల్ల బయటపడింది. మరిది బండి పక్కకు తీసి, కిలోమీటరు రాయి చూసొచ్చి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

చెల్లెలు ఫోనులో లబోదిబోమంది. "అన్నీ దారిలోనే పుట్టేస్తే నా పరువేం కాను?"

"వాటికి నేను చెప్పగలనా? వస్తున్నాంగా!"

బడి చేరేసరికి అయిదున్నర దాటింది. ఎనిమిది పిల్లలు అప్పటికే పుట్టేశాయి. తరగతిలో ఒక్కరూ ఇంటికి పోలేదు, తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా చిన్న కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. పెట్టె బల్ల మీద పెట్టగానే అందరూ మెడలు సాచారు. మిగిలిన గుడ్లలో ఒకటి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. పెంకు రెండుగా విడిపోయి, పిల్ల బోర్లాపడి తల ఎత్తింది.

"టీచర్, అది నన్నే చూసింది!" అంది ముందు వరసలో పిల్ల. ఇక అరుపులతో గది పైకప్పు లేచిపోయింది.

మరో రెండు కూడా వాళ్ల కళ్లముందే వచ్చాయి. పన్నెండోది రాదని చెవి దగ్గర పెట్టుకోగానే ఆమెకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టేసుకుంది.

చెల్లెలు తెచ్చిన పలహారం చేతిలో పట్టుకుని, మరిది అప్పటికే పిల్లల మధ్య చతికిలబడ్డాడు. "ఇదిగో, ఈ నల్లమచ్చది నూట తొంభయ్యో కిలోమీటరు దగ్గర పుట్టింది. ఆ రెండూ కవలలు, వంతెన మీద..."

"నిజంగానా అంకుల్?"

"మీ అత్తనడగండి!"

"అక్షరాలా నిజం," అంది ఆమె, నవ్వుతూ చెల్లెలి భుజం మీద వాలిపోయి.