పక్క వరసలో చుక్క

ఏటికి వరదొచ్చి రైలు లైను కింద మట్టంతా కొట్టుకుపోయిన ఏడాది గేటుమనిషి మొదటిసారి ప్రమోషన్ వద్దన్నాడు. ఇప్పుడు చెప్పేది ఆ వరదకు పదకొండో ఏట జరిగింది.

ఆరున్నర బండి పోయింది. అతను గేటు ఎత్తి, చేతులు కడుక్కుని గదిలోకి వచ్చి, భార్యను ఎడమ పక్కకు తిప్పాడు. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. వరద ఏడాదే ఆమెకు నడుము కిందంతా చచ్చుబడింది. మంచం కిటికీకి ఆనించి ఉంది. పడుకుంటే గేటు కనబడుతుంది.

మంచం పక్క గోడకు జీతాల పట్టిక అంటించి ఉంది. అతను మూడో తరగతితో ఆగాడు, ఆమె ఏడు చదివింది. పట్టిక ఆమే విడమరిచి చెప్పింది. నిలువు వరస ఉద్యోగం స్థాయి. అందులో ఏడాదికో గడి కిందికి దిగితే జీతం కాస్త పెరుగుతుంది. ప్రమోషన్ వస్తే పక్క వరసకు జరగాలి. గడి మారినప్పుడల్లా ఆమె పెన్సిలుతో చుక్క పెట్టేది.

"పదకొండు చుక్కలు, ఒకటే వరస. బావిలో చేదలాగా దిగుతున్నావయ్యా."

"చేద పైకీ వస్తుందిగా."

"తోడేవాడుండాలి. నా మూలాన ఆగిపోయావు. ఈసారి ఒప్పుకో. నా మీద ఒట్టు."

మళ్లీ వచ్చిన ప్రమోషన్‌కు ఒప్పుకునేదీ లేనిదీ కాగితం మీద రాసివ్వడానికి ఆ రోజే ఆఖరు. పదింటికి డ్యూటీ దిగి, తన తర్వాత డ్యూటీ ఎక్కినవాడి భార్యను ఆమె దగ్గర కూర్చోబెట్టి, ఆఫీసుకు నడిచాడు.

"రా బాబాయ్," అన్నాడు గుమస్తా. "పెద్ద యార్డులో పోస్టు. పన్నెండు గంటల డ్యూటీ. క్వార్టర్ మూడో అంతస్తు."

"లిఫ్టు ఉందా?"

"నువ్వే లిఫ్టు."

"మధ్యలో ఇంటికి రానిస్తారా బాబూ?"

"ఎట్లా రానిస్తారు?"

"వద్దంటే?"

"పదేళ్లు ప్రమోషన్ రానివాళ్లకి ఉన్నచోటే పక్క వరస జీతం ఇస్తారు. అప్పట్లో వద్దని రాసిచ్చావు కనక నీకది పోయింది. ఎవరూ చెప్పలేదా?"

"లేదు."

"ఇప్పుడూ వద్దంటే ఉద్యోగం దిగిపోయేదాకా ఇదే వరస."

పన్నెండు గంటలంటే ఆరుసార్లు తిప్పడం. అతని లెక్క అక్కడే ఆగింది. వద్దు అని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె గుమ్మం వైపే చూస్తోంది.

"ఏం చేశావు?"

"ఒప్పుకున్నాను."

ఆమె నవ్వింది. పెన్సిలు అడిగింది. పక్క వరసలో మొదటి గడి కాదట, ఇప్పటి జీతం కన్నా ఒక మెట్టు పైనున్న గడి వెతకాలట. వేలు పెట్టి వెతికి, గట్టిగా నొక్కి చుక్క పెట్టింది.

"ఇక నిద్ర పడుతుంది," అంది.

రెండు గంటలయ్యాక తిప్పబోతే బరువు వేరుగా తగిలింది. ఊపిరి లేదు. అయినా కుడి పక్కకు తిప్పి దుప్పటి సరిచేశాడు.

చీకటి పడేలోగా వచ్చినవాళ్లు కావలసింది చేసి వెళ్లిపోయారు. కాగితం ఇంకా పైకి పంపలేదు, మార్చుకుంటావా అని గుమస్తా కబురు పెట్టాడు.

"ఉండనీ," అన్నాడు.

మర్నాడు ఆరున్నర బండికి గేటు వేశాడు. బండి పోయాక ఎత్తాడు. చేతులు కడుక్కుని గదిలోకి వచ్చి, మంచం ఎడమ పక్కన నిలబడ్డాడు. ఎదురుగా గోడ మీద, పదకొండు చుక్కలకు విడిగా, పక్క వరసలో ఒకే ఒక్క చుక్క నల్లగా ఉంది.