నెల తప్పకుండా

మా వీధి మందులషాపాయన గొంతు ఎంత పెద్దదంటే, ఎవరికి మొలలున్నాయో, ఎవరికి గజ్జి ఉందో రోడ్డుకి అవతల నిలబడ్డవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. అందరూ ఆయన్ని మైకు అంటారు. పోయి పోయి అలాంటి మనిషి నోట్లో నా ప్రాణం పెట్టాను.

పాప పుట్టినప్పుడు నా గర్భసంచి చిరిగి, చచ్చి బతికాను. మళ్ళీ కడుపొస్తే ఈసారి మనిషి దక్కదని డాక్టరమ్మ మా ఆయన ముందే చెప్పింది. "డాక్టర్లన్నాక అలాగే బెదరగొడతారు," అన్నాడా మహానుభావుడు. ఆయనకి మగపిల్లాడు కావాలి. నన్ను ఆపరేషన్ చేయించుకోనివ్వడు, తను జాగ్రత్త పడడు. అందుకే పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకుంటున్నాను. ఆయనకీ మా అత్తగారికీ మాత్రం రక్తం పట్టే మాత్రలని చెప్పాను.

మాత్రలు కొనేది అక్కడే కాబట్టి, ఎవరికీ చెప్పొద్దని మైకుని బతిమాలుకున్నాను. "ఒట్టమ్మా, నా నోట్లోంచి రాదు," అన్నాడు. పాపం, మాట తప్పే రకం కాదు.

మొన్న మాత్రలు అయిపోయే వేళకి నా కాలు బెణికింది. మా ఆయన స్కూటరు మీద షాపు దాకా తీసుకెళ్ళి, "నువ్విక్కడే ఉండు, నీ రక్తం మాత్రలు నేను పట్టుకొస్తా," అన్నాడు. నేనుంటానా! కుంటుకుంటూ వెనకే వెళ్ళాను. మైకు నా వైపు చూడను కూడా చూడలేదు. మాత్రలు కవర్లో వేసి, "అమ్మాయిని ఇవి నెల తప్పకుండా వాడమనండి సార్," అన్నాడు. ప్రతి నెలా మానకుండా అని. బీపీ ముసలాళ్ళకి కూడా ఆ ముక్కే చెబుతాడు.

మా ఆయనకి నోరు తెరిస్తే వేళాకోళమే. "నెల తప్పకుండానా? భలేవారే! నెల ఎప్పుడు తప్పుతుందా అని మేం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే!" అని పకపకా నవ్వాడు.

మొగుడికి అంతా తెలిసే జోకు వేశాడనుకున్నాడు ఆ వెర్రిబాగులవాడు. హమ్మయ్య అన్నట్టు తనూ నవ్వాడు.

"సార్‌కి తెలుసా, ఇంకేం! పిల్లలు కావాలనుకుంటే ఈ మాత్రలు ఆపేయండి సార్, అంతే."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. కవరు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మైకుకి అప్పుడు వెలిగింది. జన్మలో మొదటిసారి ఆ నోరు మూతపడింది, ఏం లాభం?

ఇంటికొచ్చాక మా ఆయన వంటగదిలో సింకు ముందు నిలబడి, ఒక్కో మాత్రా నొక్కి లోపల పడేసి, కుళాయి తిప్పాడు.

"ఇకనుంచి నీ మందులు నేనే తెస్తా. ఆ షాపు గడప తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా."

నాకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ఆ తడి చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఏవండీ, మళ్ళీ కడుపొస్తే నేను చచ్చిపోతాను. మీరు విన్నారుగా! నా సంగతి సరే, పాప మొహమైనా చూడండి."

ఆయన చేతులు విడిపించుకుని తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు.

"పాపని మా అమ్మ చూసుకుంటుందిలే," అన్నాడు.

పక్కగదిలోంచి మా అత్తగారు వెంటనే అందుకున్నారు. "దానికేం లోటురా, నేను లేనూ?"