సీటు తీసిన సైకిల్

పాపను చంకనేసుకుని వరసగా సైకిళ్ల బ్రేకులు నొక్కి చూడడంతోనే ఆమెకు రోజూ తెల్లవారుతుంది. బ్రేకు పట్టని బండికి సీటు ఊడదీసి గోడకు ఆనిస్తుంది. సీటు లేని బండి అద్దెకివ్వకూడదు. ఆ షాపులో ఆమె పెట్టిన పద్ధతి అదొక్కటే. తొమ్మిదో క్లాసులోనే చదువు మాన్పించినా పంక్చర్లూ, చైన్లూ, బేరింగులూ చేతులు వాటంతటవే నేర్చుకున్నాయి. షాపు మాత్రం ఆయనది. "మీ ఆవిడ పనిమంతురాలే" అని ఎవరైనా అంటే, "ఆ, నేను రిపేరు చేస్తుంటే పానాలందిస్తుందిలెండి" అని నవ్వేవాడు భర్త. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే పొగరంటారు.

ఆ రోజు ఎర్ర సైకిల్ సీటు తీసి, "రెండు బ్రేకులూ పోయాయండీ, ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి, పాపకు నీళ్లు పొయ్యడానికి లోపలికి వెళ్లింది. వచ్చేసరికి గోడ దగ్గర సైకిల్ లేదు.

"బేరం వచ్చి నిలబడితే ఏం చెయ్యమంటావ్? సీటు బిగించి ఇచ్చేశా. గంటేగా" అన్నాడతను.

గంటలోపే కబురొచ్చింది. పల్లంలో బండి ఆగక, తీసుకెళ్లిన అమ్మాయి లారీకి గుద్దుకుంది. దవడ పగిలిందట. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పాప దవడ మీదికి వెళ్లింది. రేపు ఇది పెద్దదై ఏ షాపులో ఎవరి మాట నమ్మి బండెక్కుతుందో.

సాయంత్రం ఆ అమ్మాయి తండ్రి వస్తున్నాడని తెలిసి అత్తగారు ఆమెను వంటింట్లోకి పిలిచింది. "మర్చిపోయానని ఓ మాట అనెయ్. చంటిపిల్ల తల్లివి, నిన్నెవరేమంటారు? వాడు స్టేషన్ పాలైతే మనమంతా రోడ్డున పడతాం."

"కాదని నోరు తెరిచావో," అన్నాడు భర్త, "పాపనిక్కడే వదిలేసి పోతావ్."

వచ్చినాయన టైలరు. చొక్కాకి ఇంకా దారప్పోగులున్నాయి. కేకలెయ్యలేదు. "పిల్ల అన్నం తినలేకపోతోందండీ, స్ట్రాతో తాగుతోంది. ఆ బండి ఎవరు చూశారు?" అని మాత్రం అడిగాడు.

"రిపేర్లన్నీ మా ఆవిడేనండి," అన్నాడు భర్త.

ఆరేళ్ల కాపురంలో మొదటిసారి ఆ మాట భర్త నోట విన్నది. పాపను గట్టిగా పట్టుకుంది, ఇదే ఆఖరిసారేమో అన్నట్టు.

"అవునండీ, రిపేర్లన్నీ నేనే చేస్తాను," అంది. "అందుకే ఆ బండికి బ్రేకుల్లేవని ఈయనకి పొద్దున్నే చెప్పాను."