అమ్మణ్ణి దగ్గు

నూకమ్మ గ్రైండరు ఆపగానే వెనకనుంచి దగ్గు వినిపించింది. పొడిగా మూడుసార్లు, ఆ తర్వాత ఊపిరి లోపలికి ఈడ్చుకున్న చప్పుడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వంటింటి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం. ఆ ఉత్తరాది ఉక్కు ఊళ్ళో బర్మామైన్స్ పేట సందంతా ఎండకి తలుపులేసుకుని పడుకుంది. పట్టాల మీద వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న మోత తప్ప ఇంకే అలికిడీ లేదు. నూకమ్మ పిండి చెయ్యి కడుక్కోకుండానే కాసేపు అలాగే నిలబడింది. ఆ దగ్గు ఎవరిదో ఆమెకి తెలుసు. అది తన అత్త అమ్మణ్ణిది. అమ్మణ్ణి చచ్చిపోయి పాతికేళ్ళు దాటింది.

కోర్టు కాగితం ఇంటికి వచ్చిన వారం నుంచీ ఇదే వరస.

కాగితం వచ్చింది ఆమె కొడుకు హరికిరణ్ పేరు మీద. అతను కాంట్రాక్టరు కింద క్రేన్ ఆపరేటరు. కోడలు బిందుప్రియ ఏడు నెలల కిందట ఎనిమిదేళ్ళ కూతురు ఈశ్వరిని తీసుకుని అదే ఊళ్ళో సోనారి పేటలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. తాగుడూ తన్నులాటా ఏమీ లేవు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం మానేసి రెండేళ్ళయింది. 'మీ నాన్నకి చెప్పు', 'మీ అమ్మనడుగు' అంటూ ఇద్దరి మాటలూ ఆ పసిదే మోసింది. చివరికి దానికి రాత్రిళ్ళు పక్క తడిసిపోవడం మొదలయ్యాక బిందుప్రియ బట్టలు సర్దుకుంది. తనకి పైసా వద్దంది. బిడ్డకి మాత్రం నెలనెలా ఖర్చులిప్పించమని కోర్టుకెళ్ళింది.

ఆ సాయంత్రం హరికిరణ్ ఒక ఫైలు పట్టుకొచ్చి తల్లి ముందు పెట్టాడు.

"అమ్మా, బుధవారం వకీలు దగ్గరికి రావాలి. నీ సంతకం ఉంది."

"నా సంతకమేటి? కేసు నీది గదా."

"నువ్వు నా మీద బతుకుతున్నావని రాయాలి. మందుల ఖర్చు కూడా. బస్, అంతే."

"నాకేటి రోగమొచ్చిందిరా?"

హరికిరణ్ కంచం ముందుకి లాక్కున్నాడు.

బుధవారం వకీలు గౌరీశంకర్ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పలాస వైపు మనిషి, నెమ్మదస్తుడు. లెక్క ఎలా తేలుతుందో ఆమెకి అర్థమయ్యేలా చెప్పాడు.

"సూడమ్మా, ఇంత శాతం ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. జడ్జిగారు నాలుగు సంగతులు సూత్తారు. ఈయన చేతికి ఎంతొత్తాది, తల్లికెంతొత్తాది, బిడ్డకి నెలకెంతవుద్ది, ఈయన మీద ఇంకా ఎవరెవరు బతుకుతున్నారు. ఇద్దరూ ప్రమాణపత్రం ఇచ్చుకోవాలి. బేంకు పుస్తకాలూ జీతం చీటీలూ అన్నీ జత చెయ్యాలి. బేంకులో పడేది ఇరవైమూడు వేలు. అందులోంచి నీ మందులకి ఆరు వేలు, అద్దె నాలుగు వేలు పోతే మిగిలేది పదమూడు. అప్పుడు బిడ్డకి మూడు వేలు, మహా అయితే మూడున్నర."

"మరి ఆదివారాలవీ?" అంది నూకమ్మ.

హరికిరణ్ సాయంత్రాలూ ఆదివారాలూ జుగ్సలాయిలో బంగార్రాజు గోడౌన్ దగ్గర క్రేన్ నడుపుతాడు. అది బేంకులో పడే డబ్బు కాదు, చేతికిచ్చేది.

"అది పక్కా కాదు గదమ్మా," అన్నాడు గౌరీశంకర్, కాగితాలు సర్దుతూ. "పిలిస్తే మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. కొంచెం నీరసంగా కనబడితే మంచిది. దగ్గూ అదీ ఉంటే మరీ మంచిది."

నూకమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. సంతకం రేపు చేస్తానని లేచి వచ్చేసింది.

ఇదే ఊళ్ళో, ముప్పైనాలుగేళ్ళ కిందట, ఆమె బోనుకి ఇవతల నిలబడి ఉంది. చంకలో మూడేళ్ళ హరికిరణ్. మొగుడు సోమేశ్వరరావు జుగ్సలాయిలో ఇంకో కాపురం పెట్టాడు. ఆ రోజుల్లో ఎంత అడిగినా ఐదొందలకి మించి ఇవ్వకూడదని చట్టం. నూకమ్మ మూడొందలడిగింది. సోమేశ్వరరావు తన జీతమంతా తల్లి రోగానికే పోతోందన్నాడు. అమ్మణ్ణిని బోనెక్కించారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. పొడిగా మూడుసార్లు దగ్గి, ఊపిరి లోపలికి ఈడ్చుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, "నా మందులకే సాలటం లేదు బాబూ" అంది. మేజిస్ట్రేటు ఏంచేస్తాడు, కళ్ళముందు కనబడింది నమ్మాడు. నెలకి తొంభై రూపాయలు రాశాడు. అది కూడా ఐదు నెలలే అందింది.

తొమ్మిదేళ్ళ తర్వాత అమ్మణ్ణి ఈ బర్మామైన్స్ ఇంటి అరుగు మీదికొచ్చి కూలబడింది. కొడుకు గెంటేశాడు. ఒళ్ళంతా ఎముకలే. ఆ రోజు చెప్పింది: "మిరియాలు నమిలి మింగమన్నారే నూకీ. మింగి దగ్గాను. ఆ దొంగదగ్గే నన్ను పట్టుకుంది. ఇంక వదల్లేదు."

నూకమ్మ అన్నం పెట్టింది, నీళ్ళిచ్చింది. లోపలికి మాత్రం రానివ్వలేదు. పదకొండు రోజులు తలుపుకి అవతల ఆ దగ్గు వింటూ పడుకుంది. పన్నెండో రోజు పొద్దున్న దగ్గు వినబడలేదు.

వకీలు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు నూకమ్మ తన ఇడ్లీ కొట్టు తొందరగా కట్టేసి, డబ్బాలో పది ఇడ్లీలు పెట్టుకుని సోనారి వెళ్ళే ఆటో ఎక్కింది. కోడలు ఇంట్లో లేదు. బట్టల షాపులో బిల్లు కౌంటర్లో పని, వచ్చేసరికి ఆరవుతుంది. ఈశ్వరి ఒక్కతే వరండాలో హోంవర్కు చేసుకుంటోంది. నాయనమ్మని చూసి పరుగెత్తుకొచ్చింది. డబ్బా తెరిచి చూసి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తినే. నీకోసమే తెచ్చాను."

"దాదీ, యే కిత్నే కా హై?" ఇది ఎంత అని అడుగుతోంది.

"నీకెందుకే ఎంతో? తిను."

ఈశ్వరి నోటుపుస్తకం చివరి పేజీ తీసి చూపించింది. బాలికకి నెల ఖర్చు అని కోర్టు కాగితంలో రాయాలట. వాళ్ళమ్మ రాస్తుంటే పక్కన కూర్చుని అంతా ఎక్కించుకుంది. స్కూలు ఫీజు, బస్సు, పాలు, కూరలు, బూట్లు, కళ్ళద్దాలు, జ్వరం వస్తే డాక్టరు. కింద గీత గీసి మొత్తం వేసింది.

"మై నౌ హజార్ ఛే సౌ కీ హూఁ," అంది. నేను తొమ్మిదివేల ఆరువందల దాన్ని. గర్వంగానూ కాదు, ఏడుస్తూనూ కాదు. తన రోల్ నంబరు చెప్పినట్టు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, పాలు మానేస్తే ఎనిమిది వేలకి దగ్గరవుతాను, అప్పుడు పాపా ఇవ్వగలడా అని.

నూకమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని తలమీద గడ్డం ఆనించింది. ఆ క్షణంలో వరండా మెట్లమీద మళ్ళీ దగ్గు. ఈసారి మరీ దగ్గరగా, చెవి పక్కన. మిరియాల ఘాటు ముక్కుకి తగిలింది. "నీకేటైనా వినబడిందా?" అని పిల్లని అడిగింది. ఈశ్వరి తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక కొడుకుతో చెప్పింది. "నాను సంతకం పెట్టను."

"ఏమ్మా? ఇప్పుడు కాదంటే ఎలాగ? వకీలు రాసేశాడు."

"అబద్ధం రా అది."

"అందరూ అదే చేత్తారు! తను మాత్రం? మొత్తం ఎక్కువేసే రాసుంటాది." హరికిరణ్ గొంతు పెరిగింది. "నేను రెండు పన్లు చేత్తన్నాను. నడుం విరిగిపోతంది. ఆ డబ్బు కూడా పోతే నేనెందుకమ్మా బతకడం?"

నూకమ్మ అతని వంక చూసింది. ముక్కు మీద చెమట, కింది పెదవి కొరుక్కోవడం. సోమేశ్వరరావే ఎదురుగా నిలబడి అడుగుతున్నట్టుంది. కొడుకు అలిసిపోయాడన్నదీ నిజమే. ఫైలు తెరిచి, కొడుకు చూపించిన చోట సంతకం పెట్టేసింది.

పెట్టిన సంతకం ఆమెని నిద్రపోనివ్వలేదు, తిననివ్వలేదు. కొట్టు దగ్గర ఎవరు దగ్గినా ఉలిక్కిపడేది. రోజూ వచ్చే రిక్షావాళ్ళు "క్యా హువా మౌసీ?" అని అడిగారు. ఏమీ లేదంది.

వాయిదా రోజు జడ్జి ఆవిడ ఇద్దరి పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. బిందుప్రియ జీతం పన్నెండు వేలు. ఫీజు రసీదులు, బస్సు రసీదులు అన్నీ ఉన్నాయి. హరికిరణ్ పత్రంలో ఒకచోట ఆగింది. "మందులకి ఆరు వేలు. ఒక్క చీటీ కూడా లేదేం? ఈవిడ వచ్చారా?" అని హిందీలో అడిగింది.

నూకమ్మ ముందుకెళ్ళింది. బోను కటకటాలు పట్టుకుంది. నోరు తెరిచింది.

దగ్గు వచ్చింది.

ఆమె దగ్గాలనుకోలేదు. గొంతు అడుగునుంచి దానంతటదే తన్నుకొచ్చింది. పొడిగా మూడుసార్లు, ఆ తర్వాత ఊపిరి ఈడ్చుకోవడం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గౌరీశంకర్ మెచ్చుకోలుగా తలాడించడం ఓరకంట కనబడింది. అది తన దగ్గు కాదు. తన గొంతులో ఇంకో మనిషి నిలబడి దగ్గింది. బెంచీ మీద బిందుప్రియ తల వంచుకుని చీర అంచు మడతపెడుతోంది.

"నీళ్ళు తాగుతారా?" అంది జడ్జి. "మీకు ఏం జబ్బు?"

"జబ్బేం లేదమ్మా." నూకమ్మ నలభై ఏళ్ళుగా నేర్చుకున్న వీధి హిందీలోనే చెప్పింది. "నాకు ఇడ్లీ కొట్టుంది. నెలకి తొమ్మిది పదివేలు మిగుల్తాయి. ఇంటద్దె కూడా సగం నేనే ఇస్తాను. నేను నా కొడుకు మీద బతకడం లేదు. ఆ కాగితం మీద సంతకం నాదే. రాసింది నిజం కాదు."

గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు. జడ్జి చేత్తో ఆగమంది.

"మీ అబ్బాయికి ఈ జీతం తప్ప ఇంకేమైనా వస్తుందా?"

నూకమ్మ కొడుకు వంక చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. చిన్నప్పుడు జ్వరంలో సూది వేయిస్తుంటే చూసినట్టు.

"ఆదివారాలు జుగ్సలాయిలో క్రేన్ నడుపుతాడు. ఎంతొస్తుందో వాడినే అడగండి. చెప్తాడు. వాడు చెడ్డవాడు కాదు."

హరికిరణ్ నేల చూస్తూ అన్నాడు. "పదకొండు వేలు."

జడ్జి ఆ అంకె రాసుకుంది. అబద్ధపు పత్రం ఇస్తే ఏమవుతుందో తల్లీకొడుకులిద్దరికీ గట్టిగా చెప్పి, సరిచేసి మళ్ళీ ఇమ్మంది. తర్వాతి వాయిదాలో మధ్యంతరంగా ఏడువేల ఐదొందలు తేల్చింది, బిందుప్రియ కోర్టుకొచ్చిన తేదీ నుంచి లెక్క. మిగతా రెండువేల వంద తల్లి భరించాలి. తండ్రి నెలలో రెండు ఆదివారాలు పిల్లని తీసుకెళ్ళొచ్చునంటే బిందుప్రియ ఒప్పుకుంది.

మెట్ల దగ్గర బిందుప్రియ ఆగింది. "అత్తా, నా కోసం చెప్పలేదని నాకు తెలుసు."

"నీ కోసం కాదమ్మా," అంది నూకమ్మ.

హరికిరణ్ ఇల్లు వదిలి వెళ్ళలేదు గానీ తల్లితో మాట కట్టేశాడు. పెట్టింది తినేవాడు. డబ్బు మాత్రం ఐదో తారీఖుకి పంపేవాడు. ఆదివారం పని పోతుందని పిల్ల దగ్గరికి వెళ్ళలేదు. నాలుగు ఆదివారాలు అలాగే పోయాయి. దగ్గు ఇంకా వినబడుతూనే ఉంది, ఇదివరకంత తరచుగా కాదు. నూకమ్మ దాన్ని తరిమెయ్యాలనుకోవడం మానేసింది. ఒకరోజు గుమ్మం బయట కాకుండా లోపల, పొయ్యి పక్కన, ఒక గ్లాసు వేణ్ణీళ్ళు పెట్టి ఊరుకుంది.

శ్రావణంలో ఒక సాయంత్రం వాన జోరుగా కురుస్తుంటే హరికిరణ్ పనికి వెళ్ళలేకపోయాడు. గడపలో కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"నాన్న నన్ను చూడ్డానికి ఎప్పుడైనా వచ్చాడా?"

ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ ప్రశ్నకి రాలేదనే చెబుతూ వచ్చింది.

"వచ్చాడు," అంది. "ఒకసారి. నీకు ఆరేళ్ళు. బడి బయట నిలబడ్డాడు, చేతిలో జామకాయలు. డబ్బివ్వనోడికి బిడ్డేటని నానే ఎల్లగొట్టాను. మరి రాలేదు."

వాన నీళ్ళు సందులోంచి పారుతున్నాయి. హరికిరణ్ వాటినే చూస్తూ అడిగాడు.

"జామకాయలు ఏం చేశావు?"

"పారేశాను."

అతను లేచి లోపలికెళ్ళి ఫోన్ తీసుకున్నాడు. బంగార్రాజుతో హిందీలో మాట్లాడుతున్నాడు. ఈ ఆదివారం రాలేనని, వేరేవాణ్ణి చూసుకోమని చెబుతున్నాడు. అవతల్నుంచి తిట్లు వినబడుతున్నాయి. హరికిరణ్ తిట్లన్నీ విని, మళ్ళీ అదే మాట చెప్పాడు.