పెట్టెలో వేసిన రేజరు

మెడ దగ్గర నా వెంట్రుక కిందికి పెరగదు, పక్కకి తిరిగి చెవి వైపు పోతుంది, ఈ సంగతి పదకొండేళ్లుగా నా ఒక్కడికే తెలుసు, అయినా ఇది ఎవరికైనా చెప్పుకునే సంగతేనా? అద్దంలో చూస్తూ నురగ రాసుకుంటున్నాను. బ్రష్షు గుండ్రంగా తిప్పాలి. నురగ గిలక్కొట్టిన తెల్లసొనలా నిలవాలి. అప్పుడే రేజరు ఎత్తాలి. ఇదంతా ఇంటి పద్ధతి. మెడ మాత్రం నాది.

రేజరు హటానో వాళ్లది. హటానో వాళ్లదంటే నాదే. ఒకుదా అన్న ఇంటిపేరు మునిసిపల్ ఆఫీసు కాగితం మీద వదిలేసి, ఇల్లరికం వచ్చిన రోజు సాయంత్రమే మామగారు దీన్ని తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చారు. కాగితాల ప్రకారం ఆయన నాకు తండ్రి. పిలుపు కూడా నాన్నగారూ అనే. బరువైన ఇత్తడి పిడి, దాని మీద రెండు రేకులు, వాటి మధ్య రెండు వైపులా పదునున్న బ్లేడు. బ్లేడుకీ కింది రేకు అంచుకీ మధ్య ఎడం ఎక్కువ. ముదురు గడ్డాన్ని ఒక్క ఊపులో తీసేస్తుంది. కత్తులకి పేరుపడ్డ ఈ సెకి ఊళ్లో, వాటిని చేసే మగవాళ్ల గడ్డాలు అలాంటివట. నాది పలచటి గడ్డం, పొరుగూరి వాడి గడ్డం.

"బరువే గీస్తుంది. నువ్వు ఊరికే పట్టుకో చాలు," అన్నారాయన ఆ సాయంత్రం. పదకొండేళ్లుగా ఊరికే పట్టుకునే ఉన్నాను.

చెంప బాగానే వచ్చింది. దవడ కిందికి వచ్చేసరికి పిడిని ఇంకా తేలిగ్గా పట్టుకున్నాను. చిన్న మంట. నురగలో ఎర్రటి చుక్క. తెలిసిన చుక్కే, పటిక రాస్తే ఆగిపోతుంది. ఆగిపోతుంది గనకే ఎవరితోనూ ఏమీ అనలేదు. నొప్పి అలవాటు కాలేదు నాకు. దాన్ని దాచడం అలవాటైంది. కాలరు గుండీ మెడ దాకా పెట్టుకుంటాను. భోజనానికి ఎప్పుడూ గోడ వైపు కూర్చుంటాను.

నాకు నప్పే రేజరు ఒకటుంది. నిన్న మధ్యాహ్నం వరకూ ఉండేది.

నాలుగు నెలలు పట్టింది. మధ్యాహ్నం భోజనమయ్యాక నాన్నగారు పావుగంట కునుకు తీస్తారు. ఆ పావుగంటల్లో చేశాను దాన్ని, రేజర్లు చేసే మా పనిశాలలో, మా లేత్ మిషను మీదే. చర్మం తెగకుండా ఎడం బాగా తగ్గించాను. పై రేకు వంపు పెంచాను, బ్లేడు దానికింద ఒదిగి కూర్చునేలా. పిడి మీద గీతలు కొంచెం వంకరగా పడ్డాయి, అలాగే వదిలేశాను. ఒక్కసారే గీసుకున్నాను దాంతో, పనిశాల తొట్టి దగ్గర, చన్నీళ్లతో. మెడ మీద వేలితో తడుముకుంటే ఏమీ తగల్లేదు. వేరెవరి మెడనో తడిమినట్టనిపించి, సిగ్గేసి, చెయ్యి తీసేశాను.

నిన్న ఆయనకి నిద్ర పట్టలేదు. వెనక నిలబడ్డది నేను చూడలేదు.

"ఏమిటయ్యా అది?"

"పాడైపోయిన ముక్క, నాన్నగారూ." ఎంత చప్పున వచ్చిందో ఆ మాట. "రేపు ఎలాగూ పెట్టె తీసుకెళతారు కదా, అందులో వేద్దామని."

మా ఊళ్లో ఏటా నవంబరు ఎనిమిదిన అరిగిన కత్తెరలు, విరిగిన కత్తులు, మొండి బ్లేడులు గుడికి చేరతాయి. పూజారి మంత్రం చదువుతాడు, మనం కృతజ్ఞత చెప్పుకుంటాం, తర్వాత అన్నీ కొలిమిలోకి పోతాయి. అందుకోసం ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా చెక్కపెట్టె పెడతారు. ఒకసారి దండం పెట్టి వేసింది మళ్లీ తీయకూడదు.

"అయితే వెయ్యి," అని ఆయన అక్కడే నిలబడ్డారు. న్యూస్ పేపర్లో చుట్టాను. పెట్టెలో వేసి దండం పెట్టాను. పక్కన ఆయన కూడా తల వంచి, నా రేజరుకి కృతజ్ఞత చెప్పారు.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టెలో వేసిన చెయ్యి నాదే, పాడైందన్న నోరూ నాదే. ఇంకోటి చేసుకోవచ్చుగా అంటే, ఆ నాలుగు నెలల ధైర్యం రెండోసారి పుట్టదని నాకు తెలుసు.

పటిక రాసుకుని కిందికి దిగాను. నా భార్య ఫుమికో ఎర్ర మిసో చారు గిన్నెల్లో పోస్తోంది. నాన్నగారు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పారు. రోజూ చేసే పనే.

"పిల్లితో ఏమైనా పోట్లాడావా అల్లుడూ? మన షాపు బోర్డయ్యా ఈ దవడ."

"తిననివ్వండి నాన్నా," అంది ఫుమికో. నా కాలరు వంక ఒకసారి చూసి, అన్నం గిన్నె నా ముందు పెట్టింది.

ఎనిమిదిన్నరకి కత్తుల సంఘం నుంచి ఇగుచి గారనే ఆవిడ తోపుడుబండితో వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. పెట్టె అందివ్వడానికి నేను గుమ్మంలోకి వెళ్లాను. నా వెనకే నాన్నగారు. ఆవిడ పెట్టెని ఒక పక్క ఎత్తి చూసి కింద పెట్టింది.

"అబ్బో, ఇంత బరువా! ఏం హటానో గారూ, ఈ ఏడు చేసినవన్నీ పాడే చేశారా?"

"అంతా మావాడి చలవ," అన్నారు నాన్నగారు.

ఆవిడ పకపకా నవ్వి నా వైపు తిరిగింది. "అయ్యో, మెడ మీద ఆ గాటేమిటి బాబూ? రేజర్లు చేసే ఇంట్లో నీకే తెగితే, మా ఆయన కోసం నేను ఏ ధైర్యంతో కొనను?"

నాన్నగారి నవ్వు ఆగింది. "నొక్కి గీస్తాడమ్మా. నొక్కకయ్యా అని పదకొండేళ్లుగా మొత్తుకుంటున్నా, వింటేగా."

నేను ఎప్పుడూ నొక్కలేదు. ఒక్క రోజూ నొక్కలేదు.

"అవునండీ, కొంచెం నొక్కుతాను," అన్నాను.

ఆ గొంతు విన్నాను. నిన్న పాడైపోయిన ముక్క అన్నదీ అదే గొంతు. రేపు ఇదే అద్దం, ఎల్లుండి ఇదే చుక్క, ఇదే గొంతు. ఆవిడ మళ్లీ వంగి పెట్టె రెండు చెవులూ పట్టుకుంది.

"ఒక్క నిమిషమండీ."

మోకాళ్ల మీద కూర్చుని మూత తీశాను. కత్తెరల కింద చెయ్యి పోనిచ్చాను. వేలికి ఏదో చురుక్కుమంది. పేపరు పొట్లం తగిలింది.

"అదేమిటి బాబూ, దండం పెట్టేసింది తీయకూడదు కదా!"

"తెలుసండీ," అన్నాను.

 నాన్నగారి చూపు నా తల మీద ఉందని తెలుస్తూనే ఉంది. పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఆయన ముందే, కాగితం విప్పడం మొదలుపెట్టాను.